కొయ్యను తినే గొడుగు, కొయ్యను కట్టే పైన్ మాను: పిల్లలకు ఎలా పోల్చి చెప్పాలి?

చిత్తూరు సైన్స్ టీచర్

అందరికీ నమస్కారం. చిత్తూరు దగ్గర ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. త్వరలో సైన్స్ ఫెయిర్ ఉంది. మా ఎనిమిదో తరగతి పిల్లలు ఈసారి వాళ్లంతట వాళ్లే ఒక అంశం పట్టుకొచ్చారు. ఒకమ్మాయి దగ్గర కొడైకెనాల్ నుంచి తెచ్చుకున్న పైన్ కాయ ఉంది. ఇంకో అబ్బాయి వాళ్ల ఇంటి వెనక పడి ఉన్న పైన్ చెక్క పెట్టె మీద వానలకు మొలిచిన గట్టి పుట్టగొడుగును ఊడదీసి తెచ్చాడు. రెండూ నా బల్ల మీద పెట్టి, వీటిని పోల్చి చూపిస్తాం మేడమ్ అన్నారు.

పాఠ్యపుస్తకం పద్ధతిలో అయితే చార్టు మధ్యలో గీత గీసి ఒకవైపు పత్రహరితం ఉంది, ఇంకోవైపు లేదు, ఒకవైపు విత్తనం, ఇంకోవైపు సిద్ధబీజం అని రాయించొచ్చు. దానికి నాకు మనసొప్పడం లేదు. ఆ గొడుగు మొలిచింది పైన్ చెక్క మీదే కదా. ఒకటి కట్టిన ఒంటిని ఇంకొకటి తింటోంది. ఆ సంగతి చూడ్డానికి వచ్చినవాళ్లకు కనబడాలి. గొడుగు కొయ్యను ఎలా తింటుంది, మాను దాన్ని ఎలా అడ్డుకుంటుంది, మన చుట్టుపక్కల చూపించడానికి ఏముంది, తెలిసినవాళ్లు వివరంగా రాయండి. మీ జవాబులు పిల్లలకు చదివి వినిపిస్తాను.


తిరుపతి కొయ్యపని

టీచరమ్మా, నేను తిరుపతిలో కొయ్యపని చేస్తాను. శ్రీసిటీ ఫ్యాక్టరీలకు మెషీన్లు వచ్చే పెట్టెలు విప్పి పాత సామాన్ల అంగళ్లలో అమ్ముతారు. ఆ పైన్ చెక్కలు కొని బల్లలు, అరలు చేస్తాం. ధర తక్కువ, చిత్రిక పడితే నున్నగా వస్తుంది, వాసన బాగుంటుంది. చేవ, అంటే మాను నడిమి గట్టి కొయ్య, మాత్రం ఉండదు. పెట్టెలకు వాడేది ఎక్కువగా బయటి తెల్లకొయ్యే.

నేను గమనించింది ఒకటి చెప్తాను. పైన్ చెక్క తడిలో పడి పుచ్చితే గోధుమ రంగుకు తిరిగి, అడ్డంగా నిలువుగా పగిలి చదరాలు చదరాలుగా అవుతుంది. వేళ్ల మధ్య నలిపితే పొడి. అదే మామిడి చెక్క పుచ్చితే తెల్లబడి, మెత్తబడి, పీచులు పీచులుగా లేస్తుంది. రెండింటి మీదా గొడుగులే మొలుస్తాయి, పుచ్చే తీరు వేరు. ఎందుకో తెగుళ్లు చదివినవాళ్లు చెప్పాలి. పిల్లలకు రెండు రకాల ముక్కలూ కావాలంటే నా దగ్గర ఉన్నాయి, ఎప్పుడైనా వచ్చి తీసుకోండి.


తెగుళ్ల శాస్త్రం చదివినవాడు

అన్నా, మీరు చూసింది అచ్చంగా మా పుస్తకాల్లో ఉండే విభజన. గోధుమ కుళ్లు, తెల్ల కుళ్లు అని రెండు రకాలుగా చెప్తారు.

ముందు కొయ్య అంటే ఏమిటో చూద్దాం. ఇంటి మీద స్లాబు వేసేటప్పుడు కమ్మి కట్టి, దాని చుట్టూ కాంక్రీటు పోస్తారు కదా. కొయ్యలో సెల్యులోజ్ ఆ కమ్మి, లిగ్నిన్ ఆ కాంక్రీటు. లాగితే తెగకుండా సెల్యులోజ్ కాపాడుతుంది, నొక్కితే నలగకుండా లిగ్నిన్ కాపాడుతుంది. పైన్ లాంటి శంఖాకార వృక్షాల కొయ్యలో సుమారు 25 నుంచి 35 శాతం లిగ్నిన్ ఉంటుంది, 40 శాతం పైగా సెల్యులోజ్. మిగతాది హెమిసెల్యులోజ్, జిగురు, ఇతర పదార్థాలు.

గోధుమ కుళ్లు తెచ్చే శిలీంధ్రం కమ్మిని కరిగించి లాగేసుకుంటుంది, కాంక్రీటును దాదాపు అలాగే వదిలేస్తుంది. మిగిలిన లిగ్నిన్ రంగే మీరు చూసే గోధుమ రంగు. లోపల బలం పోయిన లిగ్నిన్ ఎండినప్పుడు ముడుచుకుని చదరాలుగా పగులుతుంది. తెల్ల కుళ్లు తెచ్చేవి లిగ్నిన్‌ను కూడా విరగ్గొట్టగలవు, కొన్ని లిగ్నిన్‌నే ముందు తింటాయి. అందుకే అక్కడ తెల్లటి పీచు మిగులుతుంది. గోధుమ కుళ్లు శిలీంధ్రాల్లో ఎక్కువ జాతులు శంఖాకార వృక్షాల కొయ్యను ఇష్టపడతాయి. మామిడి, చింత లాంటి వెడల్పాకు చెట్ల మీద తెల్ల కుళ్లువి ఎక్కువ. ఇది గట్టి నియమం కాదు, మొగ్గు మాత్రమే.

ఎలా తింటుంది అనేదే నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. శిలీంధ్రానికి నోరు, కడుపు లేవు. దాని ఒళ్లంతా పోగులే. ఒక్కో పోగు మందం మిల్లీమీటరులో వందో వంతు కంటే తక్కువ. ఆ పోగులు కొయ్య కణాల లోపలి ఖాళీల్లో పాకుతాయి. అరిగించే రసాలను బయటికే వదిలి, కరిగిన చక్కెరలను పీల్చుకుంటాయి. గోధుమ కుళ్లువి ఇంకో ఉపాయం చేస్తాయి. ఎంజైములు పెద్ద అణువులు, కణం గోడలోకి దూరలేవు. అందుకని అవి ఇనుము, హైడ్రోజన్ పెరాక్సైడ్ చర్యతో చాలా చురుకైన చిన్న కణికలను పుట్టించి గోడ లోపలికి పంపి, సెల్యులోజ్‌ను ముందే ముక్కలు చేస్తాయి. అందుకే కొయ్య పైకి పెద్దగా తగ్గినట్టు కనబడకముందే బలం పోతుంది. బల్ల కాలు చూడ్డానికి బాగానే ఉండి, కూర్చోగానే విరిగేది అందుకే.

మీ అబ్బాయి ఊడదీసి తెచ్చింది ఆ జీవి ఒంట్లో చిన్న భాగం, పునరుత్పత్తి అవయవం. అసలు జీవి ఇంకా ఆ పెట్టె చెక్కలోనే ఉంది. కాయను కోసినంత మాత్రాన మాను చావదు కదా, అలాగే.


శ్రీసిటీ ప్యాకింగ్

పెట్టెల గురించి ఒక మాట. ఇక్కడే లోడింగ్ సెక్షన్లో పని చేస్తాను. విదేశాల నుంచి వచ్చే చెక్క పెట్టెల మీద గోధుమ కంకి బొమ్మ, పక్కన దేశం కోడు, దాని కింద హెచ్‌టీ అనో ఎంబీ అనో ముద్ర ఉంటుంది. హెచ్‌టీ అంటే చెక్క నడిమధ్య దాకా 56 డిగ్రీల వేడి తగిలేలా కనీసం 30 నిమిషాలు ఉంచారని. ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టారని. 2002లో వచ్చిన అంతర్జాతీయ నియమం ఇది. ఒక దేశపు పురుగులు చెక్కతో పాటు ఇంకో దేశపు అడవుల్లోకి పోకుండా పెట్టారు. ఇంట్లో బల్లలకు, పిల్లలు ముట్టుకునే వాటికి హెచ్‌టీ ముద్ర ఉన్న చెక్కే వాడండి.

మేడమ్, మీ పిల్లాడు తెచ్చిన పెట్టె మీద ఆ ముద్ర ఉందేమో చూడమనండి. చార్టు మీద అది కూడా అతికిస్తే ఆ చెక్కకు ఏ దేశంలో వేడి పెట్టారో, పొగ పెట్టారో తెలుస్తుంది.


చిత్తూరు సైన్స్ టీచర్

ముద్ర ఉందండీ, హెచ్‌టీ అనే ఉంది. మా అమ్మాయిలు వెంటనే అడిగిన ప్రశ్న: అంత వేడి చేసి పంపితే మరి గొడుగు ఎలా మొలిచింది?


తెగుళ్ల శాస్త్రం చదివినవాడు

మంచి ప్రశ్న. వేడి ఆ రోజు లోపల ఉన్న పురుగుల్ని చంపుతుంది. రేపు గాలిలో వచ్చి వాలే సిద్ధబీజాన్ని ఆపదు. చెక్కలో తేమ దాని ఎండు బరువులో 20 శాతం లోపు ఉన్నంత కాలం సిద్ధబీజం వాలినా ఏమీ చేయలేదు. 28, 30 శాతం దాటితే దానికి పండగే. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ పెట్టె నేల మీద, గోడ వార పడి ఉండి ఉంటుంది. నేల తడిని పీల్చింది, మొలిచింది.

పోల్చడానికి పిల్లలకు అసలైన గీటురాయి ఇక్కడే ఉంది. నీళ్లు. మాను బతకాలన్నా నీళ్లే కావాలి, మానును తినేదానికీ నీళ్లే కావాలి. నిలువునా తడి నింపుకున్న బతికున్న కొయ్యలో గాలి చాలదు కాబట్టి శిలీంధ్రానికి అక్కడ కష్టం. ఎండిన కొయ్యలో తేమ చాలదు. ఈ రెండింటి మధ్య ఉన్న స్థితిలోనే దాని రాజ్యం.


తలకోన దారుల్లో

టీచర్ గారూ, చుట్టుపక్కల చూపించడానికి ఏముంది అన్నారు కాబట్టి రాస్తున్నాను.

మన శేషాచలంలో సహజంగా పెరిగే శంఖాకార వృక్షం ఒక్కటీ లేదు. మన దగ్గరే కాదు, మొత్తం దక్షిణ భారతానికి సొంతమైనది ఒకే ఒక్క జాతి, నాగేయా వల్లిచియానా. అది పడమటి కనుమల తడి అడవుల్లో ఉంటుంది. దానికి సూదుల్లాంటి ఆకులు కూడా ఉండవు, వెడల్పాటి ఆకులు. కొడైకెనాల్, ఊటీ, అరకు దగ్గర మనం ఫోటోలు దిగే పైన్ తోపులన్నీ మనుషులు నాటినవే.

పిల్లలు చవుకు తోపు చూపించి ఇదీ పైనే కదా అంటారు. కాదు. చవుకు పూలు పూసే చెట్టు. సూదుల్లా కనబడేవి దాని సన్నటి కొమ్మలు, ఆకులు వాటి కణుపుల దగ్గర చిన్న పొలుసులుగా మిగిలిపోయాయి. దాని చిన్న గట్టి కాయలు చూడ్డానికి పైన్ కాయలను పోలి ఉన్నా అవి పూల నుంచి వచ్చిన పండ్లే. ఒక చవుకు రెమ్మ, ఒక పైన్ రెమ్మ పక్కపక్కన పెట్టి లెన్సు ఇస్తే చూసేవాళ్లు కదలరు.

శంఖాలు కాసే మొక్క కావాలంటే మన కొండల్లో ఉంది, పెరిత. మదనకామాక్షి అని కూడా అంటారు. శాస్త్రీయ నామం సైకస్ బెడ్డోమి. ఇది శంఖాకార వృక్షం కాదు, సైకస్ కుటుంబానిది. కానీ పైన్‌లాగే పండు లేకుండా విత్తనాన్ని బయటికే కాస్తుంది కాబట్టి దూరపు బంధువు. తిరుమల, కడప కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. గడ్డి కొండల మీద కార్చిచ్చు వచ్చినా మాడిన మొదలు నుంచి మళ్లీ కొత్త ఆకులు వేస్తుంది. మగ శంఖాలను మందుల కోసం తెగ కోసేయడం వల్ల తగ్గిపోయింది. చట్టం రక్షణ ఉన్న మొక్క, అంతర్జాతీయ వ్యాపారాన్ని కూడా నిషేధించారు. దయచేసి పిల్లలు దాన్ని కోసుకురావద్దు, ఫోటో చాలు.


తిరుపతి కొయ్యపని

మన కొండ పేరు వచ్చింది కాబట్టి ఎర్రచందనం సంగతి కూడా చెప్పండి సార్. ఏళ్లు అడవిలో పడి ఉన్నా తెల్లకొయ్య రాలిపోతుంది గానీ చేవకు ఏమీ కాదంటారు పెద్దలు.


తెగుళ్ల శాస్త్రం చదివినవాడు

నిజం. చేవ అంటే చచ్చిపోయిన కొయ్య. అందులో బతికున్న కణం ఉండదు, ఎదురు తిరిగి పోరాడలేదు. అయినా ఎర్రచందనం చేవ కుళ్లడానికి అంత తేలిగ్గా లొంగదు. మాను ఆ కణాలను వదిలేసే ముందు వాటిలో శాంటలిన్ లాంటి రంగు పదార్థాలు, ఇతర విషాలు నింపి పోతుంది. పైన్ దారి వేరే. దాని కొయ్యలో, బెరడులో జిగురు గొట్టాలు ఉంటాయి. గాయమైన చోట జిగురు కారి మూసేస్తుంది, పురుగును ముంచేస్తుంది. ఆ జిగురును కాస్తే వచ్చే నూనే టర్పెంటైన్, మిగిలే గట్టి ముద్ద రోజిన్.

తిరుపతి వాళ్లకు చెప్పాల్సిన విషయం ఒకటుంది. ఇవాళ బజారులో దొరికే హారతి కర్పూరం చాలావరకు కర్పూర చెట్టు నుంచి రాదు. పైన్ టర్పెంటైన్‌లోని ఆల్ఫా పైనీన్ అనే పదార్థం నుంచి ఫ్యాక్టరీల్లో తయారు చేస్తారు. శిలీంధ్రాలను, పురుగులను దూరం పెట్టడానికి పైన్ తయారు చేసుకున్న సరుకు మన హారతి పళ్లెంలోకి చేరుతోంది. పిల్లలు బల్ల మీద ఒక కర్పూరం బిళ్ల కూడా పెట్టొచ్చు.


పోర్ట్‌లాండ్‌లో తిరుపతోడు

అక్కా, నేను పుట్టి పెరిగింది తిరుపతి, ఇప్పుడు అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో ఉంటున్నాను. మీ అంశానికి మా రాష్ట్రాన్ని మించిన ఉదాహరణ లేదు.

ఇక్కడ తూర్పున బ్లూ మౌంటెన్స్‌లో మాల్హూర్ జాతీయ అటవీ ప్రాంతం ఉంది. అక్కడ డగ్లస్ ఫర్, గ్రాండ్ ఫర్ మాన్లు గుంపులు గుంపులుగా చచ్చిపోతుంటే అటవీ శాస్త్రవేత్తలు వేర్లు తవ్వి చూశారు. బెరడు కింద తెల్లటి పొర, నేలలో నల్లటి దారాలు. ఆర్మిల్లేరియా ఆస్టోయే అనే శిలీంధ్రం, మామూలు మాటల్లో తేనె పుట్టగొడుగు. దూరదూరంగా ఉన్న మాన్ల నుంచి తీసిన ముక్కలను ప్రయోగశాల పళ్లేల్లో పక్కపక్కన పెంచారు. వేర్వేరు జీవులైతే మధ్యలో గీత గీసుకుని ఆగిపోతాయి, ఒకే జీవి అయితే కలిసిపోతాయి. జన్యు పరీక్షలు కూడా చేశారు. చివరికి 2,385 ఎకరాల మేర ఉన్నది ఒకే జీవి అని తేలింది. అంటే దాదాపు 965 హెక్టార్లు.

అక్కడికి వెళ్తే కనబడేది అడవే. గొడుగులు శరదృతువు వానల తర్వాత కొన్నాళ్లే పైకి వస్తాయి. మిగతా కాలమంతా వేర్లలో, మట్టిలో ఉంటుంది. గ్రాండ్ ఫర్, డగ్లస్ ఫర్ దానికి తేలిగ్గా లొంగుతాయి. పాండరోసా పైన్, లార్చ్ బాగా తట్టుకుంటాయి. కార్చిచ్చును ఏళ్ల తరబడి ఆర్పేయడం వల్ల నిప్పుకు తట్టుకోలేని ఫర్ మొక్కలు దట్టంగా పెరిగి దానికి మేత ఎక్కువైంది. అందుకే శిలీంధ్రాన్ని చంపే ప్రయత్నం కంటే తట్టుకునే జాతులను నాటడమే మేలని ఇక్కడి అడవి శాఖ చెప్తుంది. నాకు అది చాలా పరిణతి ఉన్న ఆలోచన అనిపిస్తుంది. దాన్ని ఒక జబ్బుగా మాత్రమే చూపించొద్దని పిల్లలకు చెప్పండి. చచ్చిన మాన్ల ఖాళీల్లో వెలుతురు పడి వేరే జాతులు లేస్తున్నాయి, తొర్రల్లో పక్షులు చేరుతున్నాయి.


పుత్తూరు లెక్కల మాస్టారు

ప్రపంచంలో అతి పెద్ద జీవి, అతి పురాతన జీవి అని ఈ శిలీంధ్రానికి బిరుదులు ఇస్తుంటారు. చార్టు మీద ఆ మాట పెద్ద అక్షరాలతో రాసే ముందు కొంచెం ఆగాలని నా మనవి.

విస్తీర్ణం కొలిచిన లెక్క, అంగీకరిస్తాను. వయసు మాత్రం కొలిచింది కాదు. ఏడాదికి ఎంత దూరం పాకుతుందో అంచనా వేసి, ఉన్న దూరాన్ని దానితో భాగించారు. అందుకే 2003లో అచ్చయిన అధ్యయనం 1,900 నుంచి 8,650 ఏళ్ల మధ్య అని ఇంత వెడల్పు పరిధి ఇచ్చింది. పత్రికలు అందులోంచి ఒక సంఖ్య ఏరుకుని రాస్తాయి.

మానుకు అలా కాదు. కాలిఫోర్నియా వైట్ మౌంటెన్స్‌లో బ్రిసిల్‌కోన్ పైన్ అనే జాతి ఉంది. 1957లో ఎడ్మండ్ షుల్మన్ అనే శాస్త్రవేత్త అక్కడి ఒక మాను నుంచి సన్నటి కడ్డీ తీసి వలయాలు లెక్కపెట్టాడు. మెథూసెలా అని పేరు పెట్టిన ఆ మాను వయసు ఇప్పుడు 4,800 ఏళ్ల పైమాటే. ఒక్కో వలయం ఒక్కో ఏడు. వేలు పెట్టి చూపించగల లెక్క అది. 1964లో నెవాడాలో ప్రొమీథియస్ అనే ఇంకో మానును పరిశోధన కోసం నరికేశారు. పడ్డాక లెక్కపెడితే 4,800కి పైగా వలయాలు వచ్చాయి. ఆ సంగతి చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

పిల్లలకు నేర్పాల్సింది కొలతకూ అంచనాకూ ఉన్న తేడా. వాళ్ల చార్టులో ఒక సంఖ్య పక్కన "లెక్కపెట్టినది", ఇంకోదాని పక్కన "అంచనా" అని రాయించండి మేడమ్. సైన్స్ ఫెయిర్‌లో ఆ రెండు మాటలు కనబడితే నేను మొదటి బహుమతి వాళ్లకే ఇస్తాను.


పోర్ట్‌లాండ్‌లో తిరుపతోడు

మాస్టారూ, మీరు చెప్పింది ఒప్పుకుంటూనే ఒక్క మాట. వలయాలు లెక్కపెట్టే వీలు శిలీంధ్రానికి ఎప్పటికీ లేదు. లెక్కపెట్టలేం కాబట్టి దాని వయసు చిన్నదని కాదు కదా. మిషిగన్‌లో ఇంకో ఆర్మిల్లేరియా ఉంది. 1992లో 15 హెక్టార్లు, 1,500 ఏళ్లు అన్నారు. అదే శాస్త్రవేత్తలు మళ్లీ వెళ్లి నమూనాలు తీసి 2018లో 37 హెక్టార్లు, కనీసం 2,500 ఏళ్లు అని సవరించారు. అంచనా అయినా జాగ్రత్తగా చేస్తే మెరుగవుతూ పోతుంది.


తెగుళ్ల శాస్త్రం చదివినవాడు

ఇద్దరి మాటల్లోనూ పట్టు ఉంది. నేను ఇంకో చిక్కు వేస్తాను. స్వీడన్‌లో ఓల్డ్ షిక్కో అనే నార్వే స్ప్రూస్ మాను ఉంది. కనబడే కాండం వయసు కొన్ని వందల ఏళ్లే. దాని కిందే దొరికిన, అదే మానువని చెప్పే పాత కొయ్య ముక్కలకు కార్బన్ పరీక్ష చేస్తే 9,550 ఏళ్లు వచ్చింది. కాండం చచ్చినప్పుడల్లా అదే వేరు మొదలు నుంచి కొత్తది లేస్తూ వచ్చిందని వాదన. దాన్ని ఒక మానుగా ఒప్పుకుంటే శిలీంధ్రాన్ని ఒక జీవిగా ఒప్పుకోవడానికి అభ్యంతరం ఉండకూడదు. కాబట్టి పోల్చేటప్పుడు ఒకే కాండం ఉన్న మానును ఒకే కాండం ఉన్న మానుతో, మొదలు నుంచి మళ్లీ మళ్లీ లేచేదాన్ని పాకుతూ పోయే శిలీంధ్రంతో పోల్చాలి.

బ్రిసిల్‌కోన్ గురించి మాస్టారు చెప్పనిది ఒకటి కలుపుతాను, ఎందుకంటే మన ఇద్దరు పాత్రలూ అక్కడే కలుస్తాయి. ఆ మాన్లు అన్ని వేల ఏళ్లు ఎందుకు బతికాయి? సుమారు 3,000 మీటర్ల ఎత్తు, చలి, వాన చాలా తక్కువ, మట్టి నిస్సారం. చాలా నెమ్మదిగా పెరగడం వల్ల కొయ్య దట్టంగా, జిగురుతో నిండి ఉంటుంది. తేమ లేని చలిలో శిలీంధ్రం పని చేయలేదు. మాను బెరడు చాలావరకు చచ్చిపోయి, ఒక సన్నటి పట్టీ మాత్రం బతికి ఉన్నా ఆ పట్టీ కొన్ని కొమ్మలను పోషిస్తూ ఉంటుంది. చచ్చిన భాగం కుళ్లదు, గాలికీ ఇసుకకూ రాయి అరిగినట్టు అరుగుతుంది. చచ్చి పడిపోయిన దుంగలు కూడా వేల ఏళ్లు అలాగే ఉన్నాయి. వాటి వలయాలను బతికున్నవాటి వలయాలతో జతచేసి కార్బన్ పరీక్షల లెక్కలనే సరిదిద్దారు. అదే మానును మన తలకోన అడుగున తడి లోయలో నాటితే, చుట్టూ ఇన్ని శిలీంధ్రాలు ఉండగా అంత కాలం నిలవడం సాధ్యం కాదు.


నగరి టెంకాయ తోట

అమ్మా, మీ మాటలన్నీ చదివాను. మాది టెంకాయ తోట. నాలుగు మాన్ల మొదట్లో ఎర్రటి గోధుమ రంగు బంక కారతా ఉంది, కింది మట్టలు వేలాడిపోయాయి. ఒక చచ్చిన మాను మొదట్లో ఎర్రగా మెరిసే గొడుగు లేచింది. అది కూడా ఈ కొయ్య తినే జాతేనా? మిగతా మాన్లకు పాకకుండా ఏం చేయాలో చెప్పండి సార్.


తెగుళ్ల శాస్త్రం చదివినవాడు

అయ్యా, మీరు చెప్పే లక్షణాలు గానోడెర్మా తెగులువి. ఇది కూడా కొయ్య తినే శిలీంధ్రమే, వేర్ల ద్వారా మట్టిలో పాకుతుంది. గొడుగు కనబడేసరికి మాను లోపల చాలా భాగం పోయి ఉంటుంది కాబట్టి దాని కోసం ఎదురు చూడొద్దు. బంకే మొదటి హెచ్చరిక.

చచ్చిన మాన్లను మొదలు, వేర్లతో సహా తీసి కాల్చేయండి. తెగులు ఉన్న మాను చుట్టూ రెండడుగుల లోతు, ఒక అడుగు వెడల్పు కందకం తవ్వి పక్క మాన్ల వేర్లతో సంబంధం తెంపండి. ఆ పాదులోంచి నీళ్లు పక్క పాదులోకి పారనివ్వద్దు, ఒక్కో మానుకు విడిగా పెట్టండి. మాను ఒక్కింటికి ఏడాదికి 5 కిలోల వేపపిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి కలిపి వేయండి. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే, అది గానోడెర్మాను అణచిపెడుతుంది. మందుల మోతాదులు మీ రైతు సేవా కేంద్రంలో ఒకసారి మాను చూపించి తీసుకోండి.

టీచర్ గారికి ఇక్కడ పనికొచ్చే తేడా ఒకటుంది. అలెక్స్ షైగో అనే అమెరికా శాస్త్రవేత్త వేల దుంగలు కోసి చూసి, మాన్లు గాయాన్ని మాన్పుకోవు, గోడ కట్టి వేరు చేస్తాయి అని చూపించాడు. పైన్ తన గాయం చుట్టూ కొత్త కొయ్యతో, జిగురుతో గోడ కట్టి, కుళ్లును లోపలే బంధించి, బయట ఏటా కొత్త వలయం వేసుకుంటూ పోగలదు. మన పాత చింతమాను నడుమంతా తొర్ర పడినా కాయడానికి కూడా ఇలాంటి పద్ధతే కారణం. టెంకాయకు ఏటా కొత్త వలయం వేసే పొర లేదు. ఒకసారి పోయిన కాండాన్ని మళ్లీ కట్టుకోలేదు.


సింగరేణి రిటైర్డ్, తిరుపతి

గనుల్లో పని చేసి ఇక్కడ స్థిరపడ్డాను. ఒక మాట వింటుంటాను: పూర్వం లిగ్నిన్ తినే శిలీంధ్రాలు లేవు, అందుకే కొయ్య కుళ్లక పేరుకుని బొగ్గయింది, అవి పుట్టాక బొగ్గు ఆగిపోయింది అని. 2012లో 31 శిలీంధ్రాల జన్యుక్రమాలు పోల్చి, తెల్ల కుళ్లు సుమారు 30 కోట్ల ఏళ్ల కింద మొదలైందని చెప్పాక ఈ మాట బాగా వ్యాపించింది. శంఖాకార వృక్షాల తొలి శిలాజాలు కూడా ఇంచుమించు ఆ కాలానివే కాబట్టి ఇద్దరూ ఒక ఈడువాళ్లని చెప్పొచ్చు.

బొగ్గు ముక్కతో మాత్రం నాకు పేచీ ఉంది. మన గోదావరి లోయ బొగ్గు పెర్మియన్ యుగానిది, అంటే 25 నుంచి 30 కోట్ల ఏళ్ల మధ్యది. ఆ లెక్కన తెల్ల కుళ్లు వచ్చాక కూడా సింగరేణిలో పొర మీద పొర బొగ్గు ఏర్పడుతూనే ఉంది. కారణం నేల కుంగుతూ, మొక్కలు నీళ్లలో పూడుకుపోయి, గాలి ఆడకపోవడం. 2016లో ఇంకో బృందం ఇదే వాదన చేసింది. మీరు పైన తేమ, గాలి అని రాశారే, అదే సూత్రం గనికీ వర్తిస్తుంది.


తలకోన దారుల్లో

శత్రుత్వం గురించే ఎక్కువ మాట్లాడుకున్నాం. పైన్ వేర్లకు తోడుగా ఉండే శిలీంధ్రాలు లేకపోతే పైన్ సరిగా బతకదు. సన్న వేర్ల చుట్టూ తొడుగులా అల్లుకుని మట్టిలోంచి భాస్వరం, నత్రజని, నీళ్లు తెచ్చిస్తాయి, బదులుగా చక్కెర తీసుకుంటాయి. పైన్ లేని దేశాల్లో మొదట నాటినప్పుడు మొక్కలు పసుపు రంగుకు తిరిగి ఎదగలేదు. పాత పైన్ అడవి మట్టి తెచ్చి కలిపాకే లేచాయి. కొడైకెనాల్ తోపులో పైన్ల కింద కనబడే గొడుగుల్లో ఇలాంటి తోడు శిలీంధ్రాలవి చాలా ఉంటాయి. వాటిని మాత్రం ఎవరూ వండుకోవద్దు.

ఇంకోటి మన ఇంటి ముందరిది. తొలకరికి పుట్టల మీద లేచే పుట్టగొడుగులు. చెదలు కొయ్యను తిని, సగం అరిగిన దాన్ని పుట్ట లోపల గూడుగా పేర్చి, దాని మీద టెర్మిటోమైసెస్ అనే శిలీంధ్రాన్ని పెంచుతాయి. లిగ్నిన్ విరిచే పని దానిది, తిండి ఇద్దరిదీ. నాగుల చవితికి పాలు పోసే పుట్టలో, శ్రీనివాసుడు చింతచెట్టు కింద దాగాడని కథ చెప్పే పుట్టలో జరిగేది కూడా కొయ్య, శిలీంధ్రాల వ్యవహారమే.


చిత్తూరు సైన్స్ టీచర్

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పిల్లలు రాత్రి ఏడు దాకా కూర్చుని మీ జవాబులు చదివారు. బల్ల మధ్యలో పెట్టె చెక్కే పెడతారట, దానికి ఒకవైపు పైన్ కాయ, జిగురు, కర్పూరం, ఇంకోవైపు గొడుగు, పుచ్చిన ముక్కలు. ముద్ర, వలయాలు, "లెక్కపెట్టినది", "అంచనా" అన్నీ ఉంటాయి. కొయ్యపని అన్న దగ్గరికి శనివారం వస్తాం.

ఇక ఒకటే మిగిలింది. చూసేవాళ్ల కళ్ల ముందు ఏదైనా కదలాలి అంటున్నారు. ఎండిన కాయ, ఎండిన గొడుగుతో చేయగల ప్రయోగం ఏమైనా ఉందా?


తెగుళ్ల శాస్త్రం చదివినవాడు

ఉంది మేడమ్. పైన్ కాయ చచ్చిందైనా దాని పొలుసులు కదులుతాయి. పొలుసు బయటి పొర తడికి ఎక్కువ ఉబ్బుతుంది, లోపలి పొర తక్కువ. గోరువెచ్చటి నీళ్లలో వేస్తే మూసుకుంటుంది, ఎండలో పెడితే మళ్లీ విచ్చుకుంటుంది. గాలిలో ఎగరాల్సిన విత్తనాలను పొడి రోజున వదలడానికి మాను చేసుకున్న ఏర్పాటు ఇది. రెండు కాయలుంటే ఒకటి నీళ్లలో, ఒకటి బయట పెట్టండి, తేడా కళ్లకు కడుతుంది.

గొడుగుకు తాజాది కావాలి. రంధ్రాల వైపు కిందికి ఉండేలా, సగం నల్ల, సగం తెల్ల కాగితం మీద పెట్టి గిన్నె బోర్లించి రాత్రంతా ఉంచండి. ఇంకా సిద్ధబీజాలు వదిలే దశలో ఉంటే పొద్దున కాగితం మీద పొడి ముద్ర పడుతుంది. పిల్లలకు మాస్కు పెట్టండి, ఆయాసం ఉన్నవాళ్లను ముట్టుకోనివ్వద్దు. ఎండిన గొడుగును మూత బిగించిన సీసాలో చూపిస్తే చాలు.

పైన్ కాయ పూర్తిగా మూసుకోవడానికి కాయ పరిమాణాన్ని బట్టి గంట, రెండు గంటలు కూడా పట్టొచ్చు. అందుకని ఒకదాన్ని ముందు రోజు రాత్రే నీళ్లలో వేసి మూసి ఉంచండి. ఫెయిర్ మొదలయ్యాక దాన్ని ఎండలో పెడితే మధ్యాహ్నానికి విచ్చుకోవడం మొదలవుతుంది, రెండోదాన్ని అప్పుడు నీళ్లలో వేయండి.